గుడారాలు ఖాళీ, రిజర్వేషన్లు భర్తీ



బరంపురంలో మూడు తరాలుగా కాపురముంటున్న మావంటి తెలుగు కుటుంబాలకు చలికాలం వస్తే ఒకటి రెండు ప్రయాణాలు పెట్టుకోవడం అలవాటు. గోపాలపూర్ సముద్రానికి పొద్దున పోయి సాయంత్రానికి రావచ్చు. దారింగిబాడి కొండలకో, మహానది ఒడ్డున సత్కోసియా అడవికో పోవాలంటే మాత్రం రాత్రి మకాం తప్పదు. ఇట్టి చోట్ల అటవీ శాఖవారు ప్రకృతి శిబిరాలు నెలకొల్పి, గుడారాలూ కాటేజీలూ వెబ్‌సైటు ద్వారా రిజర్వు చేసుకొనే ఏర్పాటు చేశారు. ఆ రిజర్వేషన్లను గురించి నాలుగు మాటలు విన్నవించుకొంటాను.

ఈ పద్ధతికి నేను విరోధిని కాను. నా చిన్నతనంలో ఫారెస్టు బంగళాలో గది కావాలంటే కచేరీకి దరఖాస్తు పెట్టి, తెలిసిన గుమాస్తా చేత ఒక మాట వేయించవలసి వచ్చేది. అంతా కుదిరి బయలుదేరినా, ఆనాడే ఒక పెద్ద ఉద్యోగి సకుటుంబంగా దిగితే మన పెట్టె వరండాలోకి వచ్చేది. మా నాన్నగారు అట్లా ఒక రాత్రంతా వరండాలో కూర్చున్న సంగతి పోయేవరకూ చెప్పుకొన్నారు. సిఫారసు ఉత్తరాల పీడ వదిలించినందుకు వెబ్‌సైటుకు నమస్కారం.

గడచిన డిసెంబరులో మాత్రం మరొక విచిత్రం చూచాను. ఏ శిబిరమో పేరు చెప్పను. మావాడు నెల ముందే ప్రయత్నించాడు. ఏ తేదీ చూచినా భర్తీ అయిపోయినదనే జవాబు. పండుగ రోజులు గదా అనుకొని, దగ్గరి ఊరిలో ఒక లాడ్జి చూచుకొని, చుట్టుపక్కల తిరిగి, సాయంత్రం శిబిరం గేటు వద్దకు పోయాము. లోపల మూడు గుడారాలలో దీపం లేదు. వంట చేసే అమ్మాయి ఆ పల్లెపిల్లే. “ఎక్కించుకొన్నవాళ్ళు రాలేదు, అజా” అన్నది. అజా అంటే ఒడియాలో తాత. వారి కోసం వండిన అన్నం, పప్పు గిన్నెల్లోనే ఉన్నవి. మాకు ఆ గుడారం ఇవ్వడానికి ఆ పిల్లకుగాని కాపలావానికిగాని అధికారం లేదు. మేము రెట్టింపు ఇస్తామన్నా తీసుకోరు. తీసుకోకపోవడమే మంచిది, లేకుంటే మళ్ళీ పాత వరండా కథే.

డబ్బు ముందే ముట్టినది గదా, నష్టమెవరికి అని అడుగవచ్చు. ఈ శిబిరాలను నడిపేది చుట్టుపక్కల పల్లెలవారు. రాబడిలో పెద్ద భాగం వారికే చెందాలన్నది ఏర్పాటు. అయితే అతిథి అంటూ వస్తేనే గదా దారి చూపించే కుర్రవానికి నాలుగు రూకలు, తేనె సీసా, విస్తరాకుల కట్ట అమ్ముకొనే ఆడవాళ్ళకు బేరం. రానివాడు తేనె కొనడు.

గుడారాలు పెంచండని నేను అడగడం లేదు. అడవిలో జనానికి హద్దుండవలసిందే. మొసళ్ళు గుడ్లు పెట్టే కాలమని భితర్‌కనికను మే 1 నుంచి జూలై 31 వరకు మూసివేస్తే ఎవరికి అభ్యంతరం? ఉన్న పది గుడారాలలో మూడు చీకట్లో ఉండి, జనం గేటు నుంచి తిరిగిపోవడమే బాధ.

రైల్వేవారిని చూడండి. 2024 నవంబరు 1 నుంచి ముందస్తు రిజర్వేషన్ గడువును 120 రోజుల నుంచి 60 రోజులకు తగ్గించారు. 61 నుంచి 120 రోజుల ముందు కొన్న టిక్కెట్లలో నూటికి సుమారు 21 రద్దవుతున్నాయనీ, మరి నాలుగైదు టిక్కెట్లవారు రద్దు చేయకుండానే రైలెక్కడం లేదనీ కారణం చెప్పారు. రైలులో రానివాని బెర్తు ఆర్.ఏ.సి. వానికి దక్కుతుంది. గుడారానికి ఆ పాటి న్యాయం ఎందుకుండరాదు? సాయంత్రం నాలుగు గంటలలోగా రానివారు, వస్తున్నామని ఫోనైనా చేయనివారు ఉంటే, గేటు వద్ద వరుసలో ఉన్నవారికి అదే ధరకు రసీదు వ్రాసి ఇచ్చే అధికారం శిబిరంవారికే ఇవ్వవచ్చు. నాలుగు గంటలని ఎందుకంటున్నానంటే, దొరకనివాడు చీకటి పడకముందు కొండ దిగాలి. వారం మధ్య రోజులలో ఒకటి రెండు గుడారాలు జిల్లా బడిపిల్లలకు కేటాయిస్తే మరీ సంతోషం. కొండ కింద పుట్టి కొండపై ఒక రాత్రి గడపని పిల్లలు మా వీధిలోనే ఎందరో ఉన్నారు.

బెంగుళూరు, కోయంబత్తూరు, నాగపురం వైపు తెలుగువారు తమ ప్రాంతపు అడవి శిబిరాలలో రానివారి చోటు ఎవరికి ఇస్తున్నారో ఈ శీర్షికకు వ్రాస్తే, ఆ లేఖ కత్తిరించి మా అధికారులకు పంపగలను.

బరంపురం (గంజాం)
— ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు