నత్త లేని నాటి కడలి

రాయీ రప్పా | పాపాఘ్ని

ఎండాకాలం చెరువు అడుగంటితే మన నత్త బురదలోకి దిగి, గుల్లకు మూత బిగించుకుని వాన పడేదాకా కదలదు. ఆస్ట్రేలియా దక్షిణాన ఉప్పు సరస్సుల్లో ఉండే కాక్సియెల్లా అనే చిన్న నత్తదీ ఇదే విద్య. సముద్రాన్ని మించిన ఉప్పులోనూ బతుకుతుంది. నీళ్లు ఇంకినా, ఉప్పు మరీ ముదిరినా మూత వేసుకుని ఓపిక పడుతుంది.

ఇలాంటి మొండివి కొన్నే. సముద్రపు నత్తల్లో ఎక్కువ జాతులు అంత ఉప్పుకు ఆగవు. దానివల్ల మేలు పొందినవారు అదే దేశం పడమటి తీరాన, షార్క్ బేలోని హామెలిన్ పూల్‌లో ఉన్నారు. అక్కడి నీరు సముద్రానికి దాదాపు రెండింతలు ఉప్పన. అడుగున సూక్ష్మజీవులు జిగట పొరలు పరుస్తాయి. ఆ జిగటకు ఇసుక, సున్నం అంటుకుని, పొర మీద పొర పెరిగి రాయవుతుంది. అదే స్ట్రొమాటొలైట్. మామూలు సముద్రంలో అయితే నత్తలూ ఇతర జీవాలూ ఈ పొరలను గీరి తినేస్తాయి. ఇక్కడ ఉప్పే కాపలా కాస్తోందని శాస్త్రజ్ఞుల వాదన. యునెస్కో 1991లో షార్క్ బేను ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

ఇంత దూరం తిరిగింది మన వేంపల్లె కోసమే. ఆ ఊరి పేరే పెట్టిన కడప జిల్లా సున్నపురాతి పొరల్లో స్ట్రొమాటొలైట్లు కొల్లలు. కర్నూలు ఎర్రగడ్డను అడ్డంగా తరిగినట్టు బండ మీద వరస వరసగా వంపులు. వయసు సుమారు 190 కోట్ల ఏళ్లు. నత్తల వంశం పుట్టి 50 కోట్ల ఏళ్లే. అంటే అప్పటికి గీరి తినే నోరే లోకంలో లేదు. ఉప్పు చాటున దాక్కోవలసిన అగత్యం ఈ సూక్ష్మజీవులకు రాలేదు. కడపను ముంచిన లోతులేని కడలంతా వాటి ఏలుబడిలోదే.

విలియం కింగ్ 1872లోనే కడప, కర్నూలు రాతి పొరల మీద భూగర్భ సర్వేకు గ్రంథం రాశాడు. తర్వాత మన చూపంతా వెల మీదే పడింది: పులివెందుల రాతినార, ఈ వేంపల్లె పొరలోనే దొరికే తుమ్మలపల్లె యురేనియం. తవ్వొద్దని నేననను. కరువుసీమలో కూలి దొరికే పనిని కాదనడం నీడపట్టున ఉన్నవాళ్లకే సులువు. ఒక్క గుట్టనైనా వదలమంటున్నాను. జాతీయ భూగర్భ స్మారకాల జాబితాలో రాజస్థాన్‌లోని భోజుండా, ఝామర్‌కోట్రా, సిక్కింలోని మామ్లే స్ట్రొమాటొలైట్లు ఉన్నాయి. మన మంగంపేట ముగ్గురాయి కూడా ఉంది. వేంపల్లె లేదు.

మంచి బండలున్న చోట నాలుగెకరాలు కొలిచి కంచె వేయండి. తెలుగులో ఒక బోర్డు పెట్టండి. గండి వీరాంజనేయుని దర్శనానికి వచ్చే జనం ఎటూ ఈ దారినే వస్తారు. చెట్టు నరికితే మళ్లీ నాటుకోవచ్చు. ఈ రాయి మళ్లీ పెరగాలంటే నత్త పుట్టని సముద్రం కావాలి. అది ఏ ప్రభుత్వమూ తేలేదు.