టీకాతో పాటు నిఘా

సెనెగల్ నుంచి ఇథియోపియా దాకా ఉన్న ఆఫ్రికా ‘మెనింజైటిస్ బెల్ట్’లో ఎండుగాలుల కాలం వస్తే తల్లులకు గుండెదడే. 1996-97లో అక్కడ ఈ మెదడు పొరల వాపు సుమారు 25 వేల మందిని బలి తీసుకుంది. పుణె సీరం ఇన్‌స్టిట్యూట్ తయారుచేసిన చౌక టీకా 2010లో బుర్కినా ఫాసోలో మొదలయ్యాక ఈ జబ్బు తెచ్చే బ్యాక్టీరియాలో ‘ఎ’ రకం అణిగింది. అయితే 2015లో నైజర్‌పై ఆ టీకా అడ్డుకోని ‘సి’ రకం విరుచుకుపడింది.

ఏ రకమో తేల్చాలంటే రోగి వెన్నులోంచి తీసిన నీటిని పరీక్షించాలి. పల్లె ఆసుపత్రి నుంచి ల్యాబుకు చేరేలోపు ఆ నమూనా ఎండకు పాడైతే, ఏ టీకా పంపాలో ఎవరు చెప్పగలరు? ఐదు రకాలను అడ్డుకునే టీకాను 2024లో నైజీరియా మొదలుపెట్టడం ఎంతో ఊరట. అది చూపించి ఇలా రకం తేల్చే నిఘా ఖర్చు కోయడం మాత్రం ప్రాణాలతో చెలగాటమే. నమూనాలు మోసే బండికి, ల్యాబు సిబ్బంది జీతాలకు దాతలు ముందుగా నిధులివ్వాలి.