ఢిల్లీ లేఖ: టన్నుల లెక్క, గ్రామసభ అడవి

ఢిల్లీ పెద్దల నోట ఇప్పుడు అడవి అంటే టన్నుల లెక్క. 2030 నాటికి అదనంగా 250 నుండి 300 కోట్ల టన్నుల బొగ్గుపులుసు వాయువును చెట్లలో నిలువ చేయగలమని 2015లో పారిస్ ఒడంబడిక సందర్భంగా మన దేశం మాట ఇచ్చింది. మాట ఇచ్చినది కేంద్రం. చెట్టును కాపాడవలసినవాడు పల్లెలో ఉన్నాడు. అతని చేతికి మనం ఏమి అప్పగించామన్నదే నా సందేహం.

1993లో అమలులోకి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ పంచాయతీలకు బదలాయించదగిన 29 అంశాలలో సామాజిక వనాలను, చిన్నతరహా అటవీ ఫలసాయాన్ని చేర్చింది. బదలాయించవచ్చునన్నదే గాని తీరవలెనని అనలేదు. ఆ వెసులుబాటును రాష్ట్రాలు ఎట్లా వాడుకున్నవో పాఠకులకు విడమరచి చెప్పనక్కరలేదు. సొమ్ము సంగతీ అంతే. రాష్ట్రాలకు పన్నుల వాటా పంచడంలో అడవికి 14వ ఆర్థిక సంఘం 7.5 శాతం, 15వ సంఘం 10 శాతం ప్రాధాన్యం ఇచ్చాయి. అడవి పేరిట ఖజానా చేరిన ఆ ధనంలో అడవి అంచు పంచాయతీకి ఇంత చెల్లవలెనన్న నిబంధన ఆ సూత్రంలో లేదు.

తెలంగాణ సరిహద్దునానుకొని ఉన్న గడ్చిరోలి జిల్లాలో మేంఢా లేఖా అనే చిన్న గోండు గ్రామం ఉన్నది. 2006 నాటి అటవీ హక్కుల చట్టం క్రింద 2009లో సుమారు 1,800 హెక్టార్లపై సామూహిక హక్కు సంపాదించింది. హక్కు పత్రం వచ్చింది గాని వెదురు బండి కదలలేదు. వెదురు చెట్టా, గడ్డియా అన్న మీమాంసలో అటవీశాఖ రవాణా అనుమతి నిరాకరించింది! చట్టం వెదురును చిన్నతరహా ఫలసాయమని స్పష్టంగా చెప్పినా, 2011లో కేంద్ర మంత్రి జైరాం రమేశ్ స్వయంగా ఆ గ్రామానికి వెళ్ళి అనుమతి పుస్తకం గ్రామసభ చేతిలో పెట్టవలసి వచ్చింది. ఊరికొక కేంద్ర మంత్రి వెళ్ళడం సాధ్యమా?

సర్పంచులను కాంట్రాక్టర్లు లోబరచుకుంటారన్న ఆక్షేపణ ఉన్నది. అది నిరాధారమనను. అందుకే అధికారం సర్పంచుకు గాక, ఊరందరూ కూర్చునే గ్రామసభకు ఉండాలంటున్నాను. 2013లో నియమగిరి కొండలపై 12 గ్రామసభలూ బాక్సైట్ గనిని ఒక్క గొంతుతో త్రోసిపుచ్చాయి.

ఇక 2016 చట్టం క్రింద ఏర్పడిన ప్రత్యామ్నాయ వనీకరణ నిధి. 2019లో దాని నుండి రాష్ట్రాలకు సుమారు 47 వేల కోట్ల రూపాయలు అందాయి. పగ్గాలు మాత్రం అటవీశాఖల చేతిలోనే ఉన్నవి. పాత అడవిని నరికి మరోచోట మొక్కలు నాటితే, కోల్పోయిన బొగ్గుపులుసు నిలువ తిరిగి చేరడానికి దశాబ్దాలు పడుతుంది. ఉన్న అడవిని నిలబెట్టే గ్రామసభకు ఆ నిధిలో ఏటా నేరుగా వాటా చెల్లించేటట్లు పార్లమెంటు చట్టాన్ని సవరించాలి. 2022 నిబంధనలలో తొలగించిన షరతును, అంటే కేంద్రం అనుమతికి ముందే గ్రామసభ సమ్మతి ఉండాలన్న దానిని, తిరిగి చేర్చాలి.