రక్తం ఇచ్చినవారికి ఫలితం కూడా చేరాలి

హైదరాబాద్ సీసీఎంబీ (సెంటర్ ఫర్ సెల్యులార్ అండ్ మాలిక్యులర్ బయాలజీ) డైరెక్టర్ గారికి,

నేను శాస్త్రవేత్తను కాను, డాక్టర్నూ కాను. జన్యుశాస్త్రం మీద ఆసక్తితో దొరికినవి చదువుకునే మామూలు పాఠకురాలిని. మీ సంస్థకు చెందిన కుమారస్వామి తంగరాజ్ గారు, హార్వర్డ్ శాస్త్రవేత్త డేవిడ్ రైక్ తదితరులు 2017లో ‘నేచర్ జెనెటిక్స్’లో ప్రచురించిన పరిశోధన గురించి చదివాక మీకు ఈ విన్నపం చేసుకోవాలనిపించింది.

దక్షిణాసియాలోని 260కి పైగా సమూహాల నుంచి 2,800 మందికి పైగా జన్యు సమాచారాన్ని అందులో పరిశీలించారు. వాటిలో 81 సమూహాలు చాలా కొద్దిమంది పూర్వీకుల నుంచి పెరిగినవని తేలింది. ఆ కొద్దిమందిలో ఒకరికి ఉన్న జన్యులోపం, తమలో తామే వియ్యమందుకోవడం వల్ల తరతరాలుగా ఆ సమూహంలోనే తిరుగుతుంది. తల్లి నుంచీ తండ్రి నుంచీ అదే లోపం బిడ్డకు వస్తే జబ్బుగా బయటపడుతుంది. “మాలో మేనరికాలు లేవు, మాకేం భయం” అని మన ఇళ్లలో అంటుంటారు. వధూవరులకు ఏ చుట్టరికమూ లేకపోయినా ఎప్పటిదో పూర్వీకుడి లోపం ఇద్దరిలోనూ ఉండవచ్చని ఆ మాట అనేవారికి ఎవరు చెప్పాలి?

ఆ పరిశోధన ఉదాహరణగా చూపింది మన వైశ్యులనే. ఆపరేషన్‌కు ముందు కండరాలను సడలించడానికి సక్సినైల్‌కోలిన్ అనే మందు ఇస్తారు. మామూలుగా రక్తంలోని ఒక ఎంజైమ్ దాన్ని కొన్ని నిమిషాల్లో విరిచేస్తుంది. ఆ ఎంజైమ్ లోపించినవారికి మందు ప్రభావం గంటల తరబడి ఉంటుంది. అంతసేపూ సొంతంగా ఊపిరి తీసుకోలేరు, వెంటిలేటర్ మీదే ఉంచాలి. ఈ లోపం వైశ్యుల్లో ఇతరులకంటే దాదాపు 100 రెట్లు ఎక్కువని ఆ పరిశోధకులు రాశారు. ముందే తెలిస్తే మత్తు డాక్టరు మరో మందు వాడతారు, ప్రమాదం తప్పుతుంది. ఇంత చిన్న జాగ్రత్తతో ప్రాణం నిలబెట్టగల విషయం ఇంగ్లిష్ పత్రికల్లోనే ఉండిపోతే ఎలా?

ఇలాంటి సమాచారం జనానికి చేరితే ఎంత మేలో చూడండి. యూదుల్లో టే-సాక్స్ అనే ప్రాణాంతక వ్యాధికి 1970ల నుంచే జన్యుదోషాన్ని గుర్తించే పరీక్షలు జరుగుతున్నాయి. ఆ వ్యాధితో పుట్టే పిల్లల సంఖ్య వారిలో 90 శాతానికి పైగా తగ్గింది. వారి విషయంలో శాస్త్రవేత్తలు, డాక్టర్లు, మతపెద్దలు కలిసి విషయాన్ని జనంలోకి తీసుకెళ్లారు.

అందుకే మిమ్మల్ని కోరేది ఇది. తెలుగువారి రక్తనమూనాలతో జరిగిన ప్రతి పరిశోధన సారాన్నీ తేలిక తెలుగులో చిన్న పుస్తకంగా తీసుకురండి. ఆపరేషన్‌కు ముందు అడగాల్సిన ప్రశ్నలను రెండు తెలుగు రాష్ట్రాల ఆరోగ్యశాఖలతో కలిసి ఆస్పత్రులకు చేర్చండి. కులం పేరు వచ్చినచోట మాట జాగ్రత్తగా చెప్పండి. ఏదో ఒక జన్యులోపాన్ని మోయని మనిషి లేడు, కులమూ లేదు. ఆ మాట కూడా మీరు చెబితేనే జనం నమ్ముతారు. లేకపోతే పెళ్లిసంబంధాల దగ్గర ఈ సమాచారమే అవమానంగా మారుతుంది.

జీనోమ్ ఇండియా అనే జాతీయ ప్రాజెక్టు కింద 10,000 మంది జన్యుపటాల సమాచారం 2025 జనవరిలో పరిశోధకులకు అందుబాటులోకి వచ్చింది. ఇకపై కొత్త ఫలితాలు ఎన్నో వస్తాయి. ముందుగా ఈ సక్సినైల్‌కోలిన్ విషయంతోనే మొదలుపెట్టండి. తెలుగునాట ఏ ఊరి ఆస్పత్రిలోనైనా ఆపరేషన్‌కు వెళ్లే మనిషి, “మా ఇంట్లో ఎవరికైనా మత్తు దిగడం ఆలస్యమైందా?” అని తనంతట తానే ఆలోచించి డాక్టరుకు చెప్పగలిగితే, మీ పరిశోధన చేరాల్సిన చోటికి చేరినట్టే.

ఇట్లు,
ఒక తెలుగు పాఠకురాలు