డిక్కీలో చక్రాల కుర్చీ

మా ఇంట్లో ఈమధ్య ఒక తగాదా వచ్చింది. తగాదా పడినవాళ్ళు మా మనవడు రఘు, మనవరాలు సుధ. వాడు ఏడో తరగతి, అది అయిదో తరగతి. మా అమ్మాయి కారు కొనదలచింది. రెండు కార్ల వివరాలున్న కాగితాలు తెచ్చి బల్లమీద పెట్టింది. ఒకటి స్విఫ్టు, రెండోది డిజైరు. రెండూ ఒకే కంపెనీవి, ఒక విధంగా అక్కచెల్లెళ్ళే. మొదటిది హాచ్‌బాక్, రెండోది సెడాన్.

ఆ మాటలేమిటో ముందు చెబుతాను. సెడాన్‌ను పక్కనుంచి చూస్తే మూడు పెట్టెలు వరసగా పేర్చినట్టుంటుంది. ముందు పెట్టెలో ఇంజను, మధ్య పెట్టెలో మనుషులు, వెనక పెట్టెలో సామాను. ఆ వెనక పెట్టెనే మనం డిక్కీ అంటాం. హాచ్‌బాక్‌కు రెండే పెట్టెలు. సామాను కూడా మనుషుల గదిలోనే, వెనక సీటు వీపు చాటున ఉంటుంది. ఓడ పైతట్టు మీద సరుకు దించడానికి ఉండే తలుపును ఇంగ్లీషువాళ్ళు హాచ్ అంటారు. ఈ కారుకు వెనక అద్దంతో సహా పైకి లేచే తలుపు అలాంటిదే. ఇక సెడాన్ అనే మాట కారుకంటే చాలా పాతది. ఐరోపాలో పూర్వం ఇద్దరు మనుషులు బొంగులు పట్టుకుని మోసే మూతకుర్చీ ఒకటుండేది. మన పల్లకీకి దూరపు చుట్టం. దాన్ని సెడాన్ కుర్చీ అనేవారు.

సరే, తగాదా సంగతి. రఘు కాగితాలు చదివి, "తాతయ్యా, స్విఫ్టు పొడవు 3860 మిల్లీమీటర్లు. డిజైరు 3995. అంటే 135 మిల్లీమీటర్లు ఎక్కువ. అందులో మనం కాళ్ళు చాపుకుని కూర్చోవచ్చు!" అన్నాడు.

సుధ ఒప్పుకోలేదు. "కాళ్ళు చాపుకునేది ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య గదా! అది చూడు," అన్నది.

చూశాం. ముందు ఇరుసునుంచి వెనక ఇరుసుదాకా ఉండే దూరాన్ని వీల్‌బేస్ అంటారు. రెండు కార్లకూ అది 2450 మిల్లీమీటర్లే. వెడల్పు రెంటికీ 1735. ఎత్తు ఒకదానికి 1520, రెండోదానికి 1525. ఆ తేడా నాలుగైదు అట్టలు ఒకదానిమీద ఒకటి పెట్టినంత. ఇంజను రెంటికీ 1197 సీసీ. పెట్రోలు టాంకీ రెంటిలోనూ 37 లీటర్లు పడుతుంది. తేడా అంతా తోకలో ఉన్నదన్నమాట! స్విఫ్టు డిక్కీ 265 లీటర్లు, డిజైరుది 382.

ఈ 3995 అనే అంకె చూసి మీకు అనుమానం రావాలి. నాలుగు మీటర్లకు అయిదు మిల్లీమీటర్లు తక్కువెందుకు? తొక్కుడుబిళ్ళ ఆటలో గీతకు ఆనకుండా నిలబడ్డ పిల్లలాగా లేదూ? నిజంగా అక్కడొక గీత ఉన్నది. 2006లో మన కేంద్ర ప్రభుత్వం చిన్నకార్లకు పన్ను తగ్గించింది. చిన్నకారంటే పొడవు 4000 మిల్లీమీటర్లు మించకూడదు, పెట్రోలు ఇంజను 1200 సీసీ మించకూడదు. 2008లో వచ్చిన మొదటి డిజైరు పొడవు 4160. దాని డిక్కీ 440 లీటర్లు. 2012లో కంపెనీవారు దాని తోక కత్తిరించి 3995కు తెచ్చారు. డిక్కీ 316 లీటర్లకు పడిపోయింది. తరువాత లోపలి అమరిక మార్చి మార్చి, పొడవు పెంచకుండానే 382 దాకా తెచ్చారు. పన్ను అంకెలు మారాయి గాని గీత మాత్రం చెరగలేదు. 2025 సెప్టెంబరు 22 నుంచి గీతలోపలి పెట్రోలు కారుకు 18 శాతం, దాటినదానికి 40 శాతం. సర్కారు గీసిన గీత కారు తోకను కత్తిరించడం నాకు చోద్యంగానే ఉంటుంది.

ఇదంతా కాగితం మీది లెక్క. మాకు కావలసింది వేరే. మా అమ్మకు ఎనభై ఆరేళ్ళు. రెండేళ్ళక్రితం పడి తుంటి ఎముక విరిగింది. అప్పటినుంచి చక్రాల కుర్చీయే. దివిసీమలో తను పుట్టిన ఊరు ఒక్కసారి చూడాలని ఆమె కోరిక. కారు నడిపేది మా అమ్మాయి. పక్కన అమ్మ. వెనక నేనూ, పిల్లలిద్దరూ. అయిదు సీట్లూ సరి. మరి కుర్చీ ఎక్కడ పెట్టాలి?

"వెనక సీటులో ఒక భాగం మడిస్తే పడుతుంది, నాన్నగారూ," అన్నది మా అమ్మాయి. అలా మడిస్తే ఒక మనిషి తగ్గాలి. పిల్లలిద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. తగాదా అప్పుడు అసలు రంగులోకి వచ్చింది.

నేను టేపు తీశాను. పాదాల పలకలు ఊడదీసి మడిస్తే కుర్చీ మందం 30 సెంటీమీటర్లు, ఎత్తు 90, పొడవు 75. మూడూ గుణిస్తే 2,02,500 ఘన సెంటీమీటర్లు. వెయ్యి ఘన సెంటీమీటర్లు ఒక లీటరు గనక, కుర్చీ 202 లీటర్ల చిల్లర.

"265లో 202 పడుతుంది! స్విఫ్టు చాలు!" అని రఘు ఎగిరాడు.

ఇక్కడే, పిల్లలూ, నేను బళ్ళో ఎన్నేళ్ళు చెప్పినా చాలామంది పొరబడే చోటున్నది. నీళ్ళయితే ఎలాంటి పాత్రలోనయినా సర్దుకుంటాయి. కుర్చీ సర్దుకోదు. డిక్కీ కొలిచేవాళ్ళు కూడా నీళ్ళు పోసి కొలవరు. 200, 100, 50 మిల్లీమీటర్ల కొలతలుగల చిన్న దిమ్మలను సందు లేకుండా పేర్చి లెక్కపెట్టే పద్ధతి ఉన్నది. ఒక్కో దిమ్మ సరిగ్గా ఒక లీటరు. చిన్న దిమ్మ మూలమూలకూ దూరుతుంది. పెద్ద వస్తువు దూరదు. మరొక సంగతి: హాచ్‌బాక్‌లో మామూలుగా చెప్పే లీటర్లు సీటు వెనక ఉండే అరపలక కిందవరకే. ఆ పైన కప్పుదాకా ఉన్న ఖాళీ లెక్కలో రాదు.

అందుకని కుర్చీని ఆటోలో వేసుకుని షోరూముకు పోయాం. అక్కడి కుర్రవాడు కొంచెం తెల్లబోయినా, "పెట్టి చూడండి, మాష్టారూ," అని రెండు కార్లూ తెరిచాడు.

స్విఫ్టులో కుర్చీని పడుకోబెట్టబోతే తలుపు మూతపడలేదు. సీటు వీపునుంచి తలుపుదాకా నా టేపుకు 65 సెంటీమీటర్లు కూడా రాలేదు. కుర్చీకి కావలసింది 75. అరపలక తీసేసి అడ్డంగా నిలబెట్టాం. పట్టింది! కాని పైఅంచు వెనక అద్దానికి అడ్డం వచ్చింది. సంచులకు చోటు లేదు. పైగా గట్టిగా బ్రేకు వేస్తే పదిహేను కిలోల ఇనుము వెనక కూర్చున్న పిల్లల తలలమీదికి రావచ్చు. అది నాకు నచ్చలేదు. సీటు మడిస్తే మాత్రం కుర్చీ ఏనుగులా హాయిగా పడుకున్నది.

డిజైరు డిక్కీలో మడవకుండానే పడుకున్నది. పక్కన రెండు సంచులు, నీళ్ళ డబ్బా పట్టాయి. ఆ కారులో వెనక సీటు వీపు మడతపడదు. అంటే ఇంకా పొడుగు వస్తువైతే దానిలో దారి లేదు. డిక్కీకీ మనుషులకూ మధ్య గోడ ఉన్నట్టే. ఆ గోడే నాకు కావలసి వచ్చింది. గాస్ సిలిండరుతో వచ్చే రకం కూడా చూశాం. సిలిండరు డిక్కీలోనే కూర్చుంటుంది గనక అందులో మా కుర్చీకి ఆశ లేదు.

సుధ చెప్పిన మాట పూర్తిగా నిజం కాలేదని కూడా ఒప్పుకోవాలి. ఇరుసుల దూరం ఒకటే అయినా డిజైరు వెనక సీటులో నా మోకాళ్ళముందు రెండు వేళ్ళ చోటు ఎక్కువ ఉన్నది. వెనక వేరే పెట్టె ఉండటంవల్ల సీటును కాస్త వెనక్కి జరపడానికి వీలు చిక్కింది కాబోలు.

మిగిలింది మా ఇంటి వాకిలి. గోడనుంచి గేటుదాకా పదమూడున్నర అడుగులు, అంటే 411 సెంటీమీటర్లు. డిజైరు నిలబెడితే మిగిలేది పన్నెండు సెంటీమీటర్ల లోపే. గేటు మూతపడుతుంది. డిక్కీ తెరవాలంటే మాత్రం కారు వీధిలోకి తీయాలి. మా అమ్మాయి కొంచెంసేపు ఆలోచించి, "తీద్దాం లెండి," అన్నది.

అయిదుగురమూ వెళ్ళాం. అవనిగడ్డ దాటాక అమ్మ మాట్లాడటం మానేసి కిటికీలోంచి చూస్తూ కూర్చున్నది. ఊళ్ళో వాళ్ళ పాత ఇంటిముందు కుర్చీ దించి కూర్చోబెడితే, ఇంటివాళ్ళు లోపలినుంచి ఒక చెక్కపెట్టె తెచ్చి ఆమెముందు పెట్టారు. వాళ్ళమ్మది. అమ్మ దాని మూతమీద చెయ్యి వేసి, "ఒరే అబ్బాయ్, ఇది తీసుకుపోదాంరా," అన్నది.

రఘు అప్పటికే టేపు తీశాడు. పొడవు 90 సెంటీమీటర్లు, వెడల్పు 50, ఎత్తు 48. ఇద్దరూ నేలమీద పుల్లతో లెక్క వేశారు. ఆవేళ పెట్టె మాతో రాలేదు. పదిరోజుల తరువాత ఆ ఊరివారి హాచ్‌బాక్‌లో వచ్చింది.

పెట్టె ఎన్ని లీటర్లు? కుర్చీ ఉన్న డిక్కీలో ఎందుకు పట్టలేదు? స్విఫ్టులో పెట్టెనూ కుర్చీనీ రెంటినీ తేవాలంటే ఎంతమంది మనుషులు దిగిపోవాలి? బొమ్మ గీసి, కొలతలు వేసి పంపండి. మీ ఇంట్లో భోషాణం గాని, పాత పెట్టె గాని ఉంటే దాన్ని కూడా కొలిచి రాయండి.