మనవరాలి మంద్రవాద్యం

ఈ వారం కూడా ఊరగాయల గురించే రాస్తానని పేజీ తిప్పిన సోదరీమణులు నన్ను మన్నించాలి. కొల్లాపురం మామిడికాయలు కొయ్యడమూ అయింది, జాడీలకు వాసెన కట్టడమూ అయింది. ఇప్పుడు నా ధ్యాసంతా పై గదిలో పెట్టెలో వెల్లకిలా పడుకున్న ఒక వాద్యం మీద ఉన్నది. నెల రోజులుగా మా కోడేరు ఇంట్లో దాని గొడవే. మీ పిల్లలు కూడా ఇవాళో రేపో అటువంటిదే కావాలని పేచీ పెట్టకపోరు కనుక, నేను పడ్డ పాట్లు మీకు చెబితే కొంత డబ్బయినా మిగులుతుంది.

మా పెద్ద మనవరాలు హైదరాబాదులో చదువుకుంటున్నది. సాయంత్రాలు ఇద్దరు పిల్లలకు లెక్కలు చెప్పి, ఏడాది పాటు కూడబెట్టిన డబ్బుతో ఒక బేస్ గిటారు కొనుక్కున్నది. మామూలు గిటారుకు ఆరు తీగెలు కదా, దీనికి నాలుగే. కాని ఒక్కొక్కటీ చిటికెన వేలిలో సగం లావున కనబడుతుంది. వాళ్ళ నాన్న, అంటే మా అబ్బాయి, సంగతి విని గంభీరంగా, "సరే కొన్నావు. ఇక దీని మీద నా పైసా ఒక్కటి కూడా పెట్టను. దసరాకల్లా మూలపడితే అమ్మేస్తాను" అన్నాడు. పిల్ల తల ఊపింది. మాట మీద నిలబడే వంశం మాది, అదే చిక్కు!

అసలు ఈ వాద్యం ఎందుకని నేనూ అడిగాను. "నాయనమ్మా, పాట వినేటప్పుడు నీ గుండెల్లో మోగేది ఇదే. నీకు తెలియదంతే" అన్నది. ఇళయరాజా పాటలు రెండు వినిపించి, గొంతునూ వయొలిన్లనూ వదిలేసి అడుగున నడిచేదాన్ని మాత్రమే వినమన్నది. నిజమే సుమండీ! ఇన్నేళ్ళుగా విన్న పాటల కింద మరో పాట నడుస్తున్నదని అప్పుడు తెలిసింది.

కరెంటుతో పలికే బేస్ గిటారును అమెరికాలో లియో ఫెండర్ 1951లో అమ్మకానికి తెచ్చాడు. దాని తీగె పలికే పొడవు 34 అంగుళాలు. ఇప్పటికీ అదే అందరికీ కొలబద్ద. 30 అంగుళాలు, అంతకు తక్కువ ఉన్నవాటిని పొట్టివాటి కింద లెక్కవేస్తారు. 20, 21 అంగుళాల మరీ బుల్లివి కూడా ఉన్నాయి. మా పిల్లది చెక్క డొల్లతో తనంతట తాను పలికే రకం, నైలాను తీగెలది. నా కుట్టుపని టేపుతో కొలిస్తే 23 అంగుళాల చిల్లర. కొలిచే పద్ధతి మీరూ తెలుసుకోండి: పైన తీగెలు ఆనే మేరు దగ్గర నుంచి పన్నెండో మెట్టు దాకా కొలిచి, దాన్ని రెట్టింపు చెయ్యాలి. దుకాణంలో వాళ్ళు నోటితో చెప్పే అంకె కంటే టేపు నిజం చెబుతుంది.

పొట్టిది కావాలని ఎందుకంటారంటే, చిన్న చేతులకు మెట్లు అందుతాయి, బస్సులో ఒళ్ళో పెట్టుకుని రావచ్చు, నైలాను తీగెలు వేళ్ళను కొయ్యవు. బాగానే ఉన్నది. కాని ప్రకృతి ఏదీ ఉచితంగా ఇవ్వదు. తీగె పొడవు సగం చేస్తే స్వరం ఒక స్థాయి పైకి పోతుంది. దాన్ని మళ్ళీ కిందికి దించాలంటే తీగెను లావు చెయ్యాలి, లేదా వదులు చెయ్యాలి. అదే తీగెను సగం పొడవున పెట్టి అదే శ్రుతి పలికించబోతే బిగువు నాలుగో వంతుకు పడిపోతుంది. అప్పుడది మోగదు, బట్టలారేసే దండెంలాగా ఊగుతుంది. అందుకనే పొట్టి వాద్యానికి దాని పొడవుకు తగ్గట్టు చేసిన తీగెలే వెయ్యాలి. పెద్దదాని తీగెలు కత్తిరించి వేద్దామంటే కుదరదు.

ఈ చిక్కు మన వాళ్ళకు కొత్త కాదు. మా జిల్లాలోనే లింగాల మండలం అవుసలికుంటలో పుట్టిన దర్శనం మొగిలయ్యగారి పన్నెండు మెట్ల కిన్నెరను మీలో చాలామంది చూసే ఉంటారు. 2021లో భీమ్లా నాయక్ సినిమా పాటతో ఊరూరా వినబడింది. 2022లో పద్మశ్రీ ఇచ్చారు. ఆ కిన్నెర ఏమిటి? ఒక వెదురు దండి, దాని కింద ఎండిన సొరబుర్రలు, మైనంతో నిలిపిన మెట్లు. పూర్వం దాని తీగెలకు వెంట్రుకలూ, జంతువుల నరాలూ వాడేవారట. తరవాత ఉక్కు తీగె వచ్చింది. చిన్నప్పుడు మా అరుగు మీద కూర్చుని ఒకాయన కిన్నెర మీద పండుగ సాయన్న కథ పాడుతుంటే, ఆ పలచని తీగె నాదం బుర్రల్లోకి దిగి బొంగురుగా తిరిగి రావడం నాకింకా జ్ఞాపకం. తీగె ఎంత సన్నంగా కొట్టుకున్నా, దానికి గొంతు ఇచ్చేది బుర్రే. మనవరాలి గిటారు డొల్ల కూడా ఆ పనే చేస్తుంది. కాకపోతే మంద్రస్వరానికి బోలెడు గాలి కదలాలి, చిన్న డొల్ల అంత గాలిని కదపలేదు. బేసు అడుగు తీగె సెకనుకు 41 సార్లు కంపిస్తుంది. చిన్న డొల్ల నుంచి మన చెవికి చేరేది చాలామట్టుకు దాని పై స్థాయి 82. అడుగుది మన మనసే పూరించుకుంటుంది. మెక్సికో వాళ్ళు తమ మేళాల్లో వాయించే గిటరోన్ అనే నైలాను తీగెల బేసుకు గుమ్మడికాయంత పొట్ట ఉంటుంది. పైగా ఒకే స్వరాన్ని రెండు స్థాయిల్లో రెండు తీగెలు కలిపి లాగుతారు. నలుగురిలో వినబడడానికి వాళ్ళు పడ్డ తంటా అది!

కనుక మొదటే చెబుతున్నాను: గదిలో సాధనకూ, ఒక గొంతుకు తోడుగానూ ఇది బంగారం. డోలక్కూ హార్మోనియమూ తాళాలూ మోగే చోట దీన్ని ఎవరూ వినరు. అక్కడ కూడా కావాలంటే బ్రిడ్జి కింద పికప్ ఉన్నది కొనాలి. ఉక్కు తీగెల గిటార్లకు పెట్టే అయస్కాంతపు పికప్ నైలానును పట్టుకోలేదు. ఒత్తిడిని విద్యుత్తుగా మార్చే పీజో రకమే ఉండాలి.

ఇక మా ఇంటి కథ. కొన్న కొత్తలో ఉన్న తీగెలు మూడు నాలుగు నెలలకు మొద్దుబారాయి. చెమటా మురికీ లోహపు చుట్టల్లోకి దిగితే అంతే. పిల్ల పట్నంలో ఒక దుకాణానికి పోయి నైలాను తీగెలు కావాలన్నది. వాళ్ళు నల్లగా, నున్నగా మెరిసే తీగెలు వేసి పంపారు. చూడముచ్చటగానే ఉన్నాయి. సెలవులకు ఇక్కడికి వచ్చిన వారానికి, "నాయనమ్మా, వేళ్ళు నొప్పి పుడుతున్నాయి, పై మెట్ల దగ్గర అపస్వరం వస్తున్నది" అనడం మొదలుపెట్టింది. నేను మా పాలమూరు ఎండల మీద తోశాను. ఆమె తన చేతకానితనం అనుకున్నది. మా అబ్బాయి ఏమీ అనలేదు. అనకపోవడంలోనే అంతా ఉన్నది.

ఒకనాడు మధ్యాహ్నం దుమ్ము తుడుద్దామని పాత ధోవతి గుడ్డ తీసుకుని గిటారు పట్టుకున్నాను. బ్రిడ్జి వెనకవైపు గుడ్డ దారప్పోగు చిక్కుకున్నది. లాగితే రాలేదు. కళ్ళజోడు పెట్టుకుని చూద్దును గదా, బ్రిడ్జి చెక్కకూ డొల్లకూ మధ్య సందు! పోస్టుకార్డు అంచు లోపలికి దూరింది. దాని వెనక డొల్ల పైపలక కడుపుబ్బరం వచ్చినట్లు ఉబ్బి ఉన్నది.

పిల్లను పిలవకుండా కాసేపు అలాగే కూర్చున్నాను. ఏడాది పాటు సాయంత్రాలు ఎవరి పిల్లలకో కూడికలు చెప్పిన డబ్బు అది.

అప్పుడెందుకో నా కుట్టుపెట్టెలోని అయస్కాంతం గుర్తుకొచ్చింది. కింద పడ్డ గుండుసూదులు ఏరడానికి పెట్టుకున్నది. దాన్ని ఆ నల్ల తీగె దగ్గరికి తెచ్చాను. టక్కున అతుక్కున్నది. పిల్ల దాచుకున్న పాత తీగెలు తెచ్చి వాటికి పెట్టి చూశాము. అయస్కాంతం వాటిని కన్నెత్తి కూడా చూడలేదు. తేలిన సంగతేమిటంటే, నైలాను తీగెలు అనే పేరుతో రెండు జాతులున్నాయి. ఒకదాని గర్భంలో నైలాను ఉండి, పైన వెండిపూత రాగి సన్నగా చుట్టి ఉంటుంది. రెండోదాని గర్భంలో ఉక్కు ఉండి, పైన మాత్రం నల్ల నైలాను నాడా చుట్టి ఉంటుంది. రెండోది చెడ్డదేమీ కాదు, ఉక్కు బిగువును మోయడానికి కట్టిన వాద్యానికి ఎంతో హాయిగా ఉంటుంది. కాని నైలాను కోసం పలచని పైపలకతో చేసినదానికి దాన్ని బిగిస్తే, దూడ మెడ మీద ఎద్దుల కాడి పెట్టినట్లే. కొనేటప్పుడు గర్భంలో ఏముందని అడగండి. చేతిలో అయస్కాంతం ఉంటే అడగనే అక్కర్లేదు.

వెంటనే చెయ్యవలసింది తీగెలు వదులు చెయ్యడం. అన్నిటినీ కొంచెం కొంచెంగా, ఒకటి తరవాత ఒకటి వదిలాము. మరునాడు మా వీధి వడ్లాయనను పిలిపించాను. గిటారును అటూ ఇటూ తిప్పి, వేలితో తట్టి, "అమ్మా, నేను తలుపులు చేసేటోణ్ణి. రెండు మేకులు గొడితె నిలుస్తది. పాడుతదా అంటే మాత్రం నేను చెప్పలేను" అన్నాడు. ఇంకొకటి కూడా అన్నాడు: "పాలిష్ మీద సరేసు పట్టదమ్మా, పచ్చి కట్టె మీదనే పట్టాలె." ఆ మాట ఎంత నిజమో హైదరాబాదులో బాగుచేసిన ఆయన పని చూస్తే తెలిసింది. బ్రిడ్జిని వేడితో మెల్లగా ఊడదీసి, రెండు వైపులా పాత జిగురంతా గీకి, పచ్చి కట్టె బయటపడ్డాకనే అతికించి, బిగింపులు వేసి కదలకుండా ఉంచాడు. సందులోకి ఏదో ఒక జిగురు పిండి పని కానిచ్చే వాళ్ళుంటారు. వాళ్ళ జోలికి పోకండి, తరవాత వచ్చేవాడికి ఆ జిగురు తియ్యడమే పెద్ద పనవుతుంది. ఖర్చు సగం పిల్లది, సగం నాది. ఈ వ్యాసానికి వచ్చే పారితోషికం రాయకముందే అయిపోయిందన్నమాట.

ఇంత జరిగాక నాకు కొంచెం తెలివి వచ్చింది. మళ్ళీ కొనవలసి వస్తే దుకాణంలో ఏం చూస్తానో చెబుతాను. ప్రతి తీగెనూ ప్రతి మెట్టు మీదా నొక్కి, ఎక్కడైనా చిరచిరలాడుతున్నదేమో వింటాను. పన్నెండో మెట్టు పైన తీగెను నొక్కకుండా వేలు తాకించి మీటితే గంటలాంటి స్వరం వస్తుంది. అక్కడే నొక్కి మీటితే వచ్చే స్వరం దానితో కలవాలి. దండి మీద ఒక కన్ను మూసి, దర్జీ గుడ్డ అంచు చూసినట్లు చూస్తాను. పైపలక ఒకే చెక్కతో చేసినదైతే నాదం మేలంటారు. నిజమే కావచ్చు. అయినా మే నెలలో 40 డిగ్రీలు దాటి, శ్రావణంలో గోడలు చెమర్చే మా ఊళ్ళకు పొరలు అతికిన చెక్కే ఓర్చుకుంటుందని నా అభిప్రాయం. నాదం కాస్త తగ్గితే తగ్గనీండి, పగలకుండా ఉంటుంది.

ఇంట్లో దాన్ని కాపాడడం పసిపిల్లను కాపాడినట్లే. ఎండలో నిలిపిన కారులో వదలరాదు. గోడకు ఆనించి నేల మీద పెడితే ఎండ కాకపోతే చెదలు. గాలిలో తేమ వందకు 45 నుంచి 55 పాళ్ళుంటే చెక్క సుఖంగా ఉంటుంది. ఎండాకాలం సబ్బుపెట్టెకు చిల్లులు పొడిచి, పిండిన స్పాంజి ముక్క అందులో పెట్టి గిటారు పెట్టెలో ఉంచుతున్నాము. వానాకాలం అది తీసేసి, మందుసీసాల్లో వచ్చే తేమ పీల్చే పొట్లాలు వేస్తాము. వాయించిన తరవాత పొడిగుడ్డతో తీగెలు తుడవాలి. కొబ్బరినూనె రాద్దామా అని నాకూ చెయ్యి దురదపుట్టింది, పిల్ల ససేమిరా అన్నది. వాయించకపోయినా నెలల తరబడి పికప్ లోపలి బ్యాటరీని వదిలేస్తే కారుతుంది, తీసి పెట్టండి.

అన్నిటికన్నా ముఖ్యం, కొత్త నైలాను తీగె వేసిన మొదటి వారం ఎవరినీ నిందించకండి. నైలాను సాగుతుంది. ఉదయం శ్రుతి చేస్తే సాయంత్రానికి దిగిపోతుంది. బిరడాలు పాడయ్యాయనీ, దుకాణంవాడు మోసం చేశాడనీ తొందరపడవద్దు. రోజుకు రెండుసార్లు ఓపికగా ఎక్కిస్తూ పోతే ఒకనాడు నిలబడుతుంది.

మొన్ననే గిటారు ఇల్లు చేరింది. అసలైన నైలాను తీగెలు వేసి ఇవాళ్టికి మూడో రోజు. పొద్దునా సాయంత్రమూ పిల్ల బిరడాలు తిప్పుతున్నది. ఈ శనివారం మా ఇంట్లోనే భజన. మా అబ్బాయి హార్మోనియం వాయిస్తాడు, వాళ్ళు పాడేది రెండో శ్రుతి. బేసులో లావు వైపు నుంచి మూడో తీగె విడిగా మీటితే సరిగ్గా ఆ షడ్జం, స్థాయి కిందుగా. రెండో తీగె దానికి పంచమం. మా వారి తంబూరా చెదలపాలైన తరవాత ఈ ఇంట్లో ఆ రెండూ కలిసి మోగడం నేను వినలేదు.

నిన్న రాత్రి పిల్ల ఆ రెండు తీగెలనూ మార్చి మార్చి మీటుతుంటే మా అబ్బాయి మెట్ల దగ్గర ఆగాడు. కాసేపు విని, "శనివారం వాయిస్తావా?" అన్నాడు.

"వినబడదు నాన్నా. మీ హార్మోనియం ముందు ఇదెంత?"

వాడు రెండు మెట్లు ఎక్కి, మళ్ళీ వెనక్కి చూశాడు.

"బెల్లోస్ సగమే తెరుస్తాలే" అన్నాడు.