డుమస్: తెర మీద, తీరం మీద

సూరత్ నగరానికి సుమారు 20 కిలోమీటర్ల దూరాన అరేబియా సముద్రపుటొడ్డున ఉన్నది డుమస్. అక్కడి ఇసుక నల్లనిది. ఒకప్పుడది శ్మశానమనీ, రాత్రివేళ వెళ్ళినవారు తిరిగిరారనీ ఒక వదంతి. దానిని టెలివిజన్ ఇంటింటికీ చేర్చింది. ఎక్కడో దూరాన దీపమార్పి ఆ కార్యక్రమం చూసిన ప్రేక్షకుడు, ‘దయ్యాల దిబ్బ’ అని తీర్పు చెప్పివేస్తాడు.

సూరత్ మరమగ్గాలను నమ్ముకొని తెలంగాణ నుంచి వలసవెళ్ళిన పద్మశాలి కుటుంబాలెన్నో ఉన్నవి. సూరత్ వాసులకు డుమస్ అంటే సెలవునాటి సముద్రపు గాలి, వేడివేడి టమోటా బజ్జీలు.

ఇంట కూర్చుని చెప్పే అభిప్రాయం తేలికైనది కాదు. 1984లో దూరదర్శన్ ‘హమ్ లోగ్’ ధారావాహికను ప్రారంభించగా ప్రేక్షకులు లక్షల సంఖ్యలో ఉత్తరాలు వ్రాశారు. కథ బాగున్నదో లేదో చెప్పే హక్కు నిశ్చయంగా ప్రేక్షకునిదే. ఊరి మంచిచెడ్డలు చెప్పవలసినది మాత్రం ఆ ఇసుక తొక్కినవారు.

ఇకమీదట ఇటువంటి కార్యక్రమం చూసేటప్పుడు ఒక్క విషయం గమనించండి: పగటివేళ అక్కడ బజ్జీలు వేసే మనిషిని ఒక్క మాటైనా మాట్లాడనిచ్చారా? అభిప్రాయం ఆ తరువాత చెప్పవచ్చు.